ఆ మాట సినిమాలో లేదు

కాశిబుగ్గలో ఒక సినిమా మంచిదో చెడ్డదో తెలుసుకోవాలంటే పొద్దున్నే లేవాలి. ఎండ ముదరకముందే నేతవాళ్లు వీధి పొడవునా నూలుపోగుల పడుగు సాచి, గంజి పట్టించి, అటు నలుగురు ఇటు నలుగురు నిలబడి కుంచెలతో దువ్వుకుంటూ నడుస్తారు. చేతులకు పని ఉంటుంది, నోటికి ఉండదు. స్టేషన్ దగ్గరి టాకీసులో ఆడే సినిమాకు తీర్పు చెప్పేది ఆ నోళ్లే.

యుద్ధం ముగిసిన ఏడాది అది. నూలుకు కటకట మాత్రం ముగియలేదు. ఆ రోజు వీధిలో ఉన్నది ఒకే ఒక్క పడుగు, మల్లక్క ఇంటిది. దానికి ఒకవైపు మల్లక్క, మరోవైపు ఆమె మరిది సారంగపాణి. మల్లక్క పక్కన ఇంకో కుంచె పట్టుకుని రూతు టీచరు. రూతు నేతమనిషి కాదు. క్రైస్తవ సంఘం వాళ్ల బడిలో పంతులమ్మ. మొగుడు పోయి ఆరేళ్లయింది, అత్త కృపమ్మతో కలిసి మల్లక్క పక్కింట్లోనే ఉంటుంది. బడి గంటకు ఇంకా వేళ ఉంటే కుంచె అందుకుంటుంది. మొన్న సెలవునాడు మల్లక్కతో కలిసి పగటి ఆటకు వెళ్లి వచ్చింది కాబట్టి ఇవాళ కుంచె కంటే నోరే ఎక్కువ ఆడుతోంది.

"అది ఆకుపచ్చ చీరనే. కండ్లార చూసిన," అంది మల్లక్క.

"తెలుపు నలుపు తప్ప రంగే లేని సినిమాల నీకు ఆకుపచ్చ యాడ కనబడ్డది వదినె? అది పసుపుపచ్చ. అంచు ఎరుపు. నేత చూస్తె తెల్వదా?"

"నేత చూస్తె రంగు తెలుస్తదా? ఓహో, కొత్త ఇద్దె నేర్చిండు మావోడు!"

"రంగు సంగతి ఇడిసిపెట్టు. మొగుడు ఎల్లగొడ్తె పన్నెండేండ్లు అడివిల తిరిగింది, చీర మడత నలగలే. గసోంటి నూలు మనకు దొరికితె ఎంత బాగుండు!" అన్నాడు సారంగపాణి.

అందరూ నవ్వారు. సినిమా కథ వీధిలో అప్పటికే చూసినవాళ్లకీ చూడనివాళ్లకీ కంఠస్థమే. ఒక జమీందారు భార్యను అనుమానించి, వానలో బయటికి గెంటుతాడు. ఆమె అడవుల పాలవుతుంది. ఆయనకు కళ్లు పోతాయి. ఆ సంగతి విని ఆమె పరుగున వచ్చి, ఆయన పాదాలు పట్టుకుని ఏడుస్తుంది. ఆ కన్నీళ్లు తగిలి ఆయనకు చూపొస్తుంది. శుభం. ఆ చివరి ఘట్టానికి ఆడవాళ్ల వైపు ఒక్క కొంగూ పొడిగా మిగల్లేదని మల్లక్క ప్రమాణం చేసి చెప్పగలదు.

"నా కొంగు పొడిగనే ఉన్నది," అంది రూతు.

"నీది రాతిగుండె టీచరమ్మా."

"ఆమె వచ్చి కాళ్ల మీద పడుడేంది మల్లక్క? తప్పు జేసింది ఎవలు, ఏడ్సింది ఎవలు? ఆయన 'తప్పైంది' అన్నడా? ఒక్కసారన్న అన్నడా?"

"గట్ల పట్టువడితె సినిమా ఎట్ల అయిపోవాలె? మనం మాపటిదాంక గాడనే కూసోవాల్నా?"

"పద్నాలుగు పాటలకు జాగ దొరికింది. గా ఒక్క మాటకు దొరకలేదా?"

"కండ్లు పోయినయి గద, పాపం," అంది మల్లక్క మెత్తబడి.

"కండ్లు పోతె పోయినయి. నోరు పోలే గద!"

సారంగపాణి కుంచె ఆపి మరీ నవ్వాడు. కానీ మల్లక్క నవ్వలేదు. రూతు ఎవరిని తలచుకుని అంత కోపంగా ఉందో ఆమెకు తెలుసు.

పోయిన వానాకాలం, సంఘం పెద్ద దేవదానం తన భార్య లిదియాను ఇట్లాగే గడప దాటించాడు. దేవదానం బియ్యం మిల్లులో గుమాస్తా. లిదియా ఆ మిల్లులో తూకం వేసేవాడితో నవ్వుతూ మాట్లాడిందట, అదీ నేరం. తడిసి ముద్దై వచ్చిన మనిషి నాలుగు రోజులు రూతు ఇంట్లో ఉంది. ఐదో రోజున పాస్టరు పౌలు అయ్యగారు వచ్చి, కాపురం అన్నాక సర్దుకోవాలని చెప్పి వెనక్కి తీసుకువెళ్లారు. దేవదానం ఒక్క మాట అనలేదు. తలుపు మాత్రం తీశాడు. అప్పుడు లిదియా చీరలు మూట కట్టి చేతికిచ్చి పంపింది రూతే. ఇప్పటికీ ఆ మూట తలచుకుంటే రూతుకు తన చేతులంటే తనకే అసహ్యం వేస్తుంది.

గోడలకు చెవులుంటాయంటారు. కాశిబుగ్గ గోడలకు కాళ్లు కూడా ఉన్నాయి. "నోరు పోలే గద" అన్న మాట మూడో రోజుకల్లా దేవదానం చెవిన పడింది. బడి వదిలే వేళకు ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ ధోవతి, గుండీలన్నీ పెట్టిన కోటు, ముఖం మాత్రం గంటు పెట్టుకున్నాడు.

"రూతమ్మా, సినిమాకు పోయినవట."

"పోయిన."

"పోయింది చాలక, పెండ్లాం మొగుని దగ్గరికి మళ్ల పోవద్దని వీధిల బోధ చేస్తానవట. సంఘం కట్టడి నీకు ఎర్కలేదా? శనివారం కూటంల మోకరించి తప్పైందని చెప్పు. లేకుంటె ప్రభు బల్ల లేదు. బల్ల లేనోళ్లకు బడి లేదు."

ఆ సంఘంలో పద్ధతి అది. నెలకోసారి, ప్రభు బల్ల ఆదివారానికి ముందటి శనివారం, సంఘమంతా చాపల మీద కూర్చుంటుంది. తప్పు చేసినవాళ్లు లేచి, ఒప్పుకుని, మోకరించాలి. అప్పుడే మరునాడు రొట్టె, గిన్నె వాళ్ల దాకా వస్తాయి. మోకరించనివాళ్లను ఏం చేయాలో చేతులెత్తి తేలుస్తారు. తాగుడు, జూదం, సినిమా అన్నీ ఒకే గాటన కట్టేసి ఉన్నాయి. బల్లలో పాలు లేనివాళ్లు సంఘం బడిలో చెప్పడానికి వీల్లేదు. రూతు, కృపమ్మ రెండు పూటలా తింటున్నది ఆ బడి వల్లే.

ఇంటికొచ్చి అత్తకు చెప్పింది. కృపమ్మ కంది పప్పు చెరుగుతూ, "మోకాళ్లే గదనే, అరుగుతయా? ఒక్కపాలి వంగి రా," అంది. రూతుకు భయం లేదనుకుంటే పొరపాటు. రెండు రోజులు అన్నం సయించలేదు. మోకరించి ఆ మాట అనడం ఎంతసేపు పని అని తనకు తానే నూరుసార్లు చెప్పుకుంది. ప్రతిసారీ ఒళ్లు మండింది.

శనివారం వచ్చింది. గుడిలో ఒకవైపు మగవాళ్లు, మరోవైపు ఆడవాళ్లు. దేవదానం ముందు వరసలో. లిదియా ఆడవాళ్ల వైపు గోడకానుకుని, తల మీద కొంగు కప్పుకుని ఉంది. పౌలు అయ్యగారు మెత్తని మనిషి. మెత్తనివాళ్లతోనే అసలు చిక్కు, కసురుకోవడానికి కూడా చోటివ్వరు. కీర్తన అయ్యాక ఆయన, "రూతమ్మా, ఏమన్న చెప్పేదున్నదా బిడ్డా?" అన్నారు.

రూతు లేచింది.

"సినిమా చూసిన అయ్యగారూ. అబద్ధమాడ."

"తప్పని ఒప్పుకుంటవా?"

"చూసుడు కట్టడికి ఇరుద్ధమంటె సరే, ఇరుద్ధమే. గాని దేవదానమయ్య నా మీద పెట్టిన నేరం గది కాదు. నేను చెడ్డ బోధ చేసిన్నన్నడు. నేనేమన్నా? తప్పు జేసినోడు తప్పైందని చెప్పాలె అన్న. గిది మీరు ప్రతి ఆదివారం చెప్పేదే గద! ఆ సినిమాల పెండ్లాన్ని ఎల్లగొట్టినోడు గా ఒక్క మాట అనలే."

"ఎందుకనలే!" దేవదానం మోకాళ్ల మీద లేచాడు. "చూపొచ్చినంక ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి బొటబొట కన్నీళ్లు కార్సలేదా? ఆ పాటంత గదే గద! మొగోని కన్నీళ్ల కంటె ఇంకేం కావాలె?"

చాపల మీద తలలన్నీ దేవదానం వైపు తిరిగాయి.

టాకీసులో ఆడవాళ్ల వైపు నల్ల పర్దా ఉంటుంది. దీపాలున్నంతసేపు అది మూసే ఉంటుంది. మగవాళ్లకు ఆడవాళ్లు కనబడరు. ఆ మాటకొస్తే ఆడవాళ్లకూ మగవాళ్లు కనబడరు. ఆ పర్దా పుణ్యమా అని ఇన్నాళ్లూ ఎవరి గుట్టు వాళ్ల దగ్గరే ఉంది. ఇవాళ గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఒకాయన భుజాలు తడుముకుని మరీ చూపించాడు.

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. దేవదానం ముఖం ఎర్రబడింది. "అంటె... మిల్లుల చెప్పుకుంటాంటె విన్న," అని గొణిగాడు.

"విన్నది కాదు."

ఆ గొంతు ఆ గుడిలో పాటలో తప్ప విడిగా ఎవరూ విన్నది కాదు. లిదియా గోడ పట్టుకుని లేచింది. కొంగు తల మీంచి జారినా సర్దుకోలేదు.

"ఆయన చూసిండు అయ్యగారూ. చూసొచ్చి నన్ను కూసోబెట్టి కథంత చెప్పిండు. పాటలతోని సహా. చెప్పుకుంట ఏడ్సిండు కూడ. పెండ్లామంటె గట్లుండాలె, చూసి నేర్సుకో అన్నడు. నేను సినిమా చూసినదాన్ని కాదు. గందుకని అడిగిన, ఆయన ఆమెకు తప్పైందని చెప్పిండా అని. 'చెప్పలే, చెప్పుడెందుకు' అన్నడు. ఇప్పుడేమో కన్నీళ్లు కార్సిండంటాండు. రూతక్క చెప్పిందే నిజం."

ఇక దాచేదేమీ లేదు. దేవదానం అందరికంటే ముందు తేరుకున్నాడు. ముందుకొచ్చి, ధోవతి మడత నలగకుండా పట్టుకుని మోకరించాడు. ప్రభువా, నేత్రాశకు లోనయ్యాను, క్షమించు అని గుక్క తిప్పుకోకుండా ప్రార్థించాడు. పౌలు అయ్యగారు ఆమెన్ అన్నారు. సంఘం ఆమెన్ అంది. ఆయన లేచి మోకాళ్లు దులుపుకుని తన చోట కూర్చున్నాడు. వంటచెరకు పొయ్యిలో అంటుకునేంత సేపు కూడా పట్టలేదు.

"చూసినవా బిడ్డా, ఎంత సులువో," అన్నారు అయ్యగారు రూతుతో. "నువ్వు కూడ గంతే. సోమారం ఎప్పటిలెక్క బడికి పోవచ్చు."

ఆమెకు ఒక్క క్షణం మోకాళ్లు నిజంగానే వంగబోయాయి. అత్త ముఖం కళ్ల ముందు ఆడింది. అప్పుడే దేవదానం ముఖం చూసింది. ఆ ముఖంలో బరువు దిగిన సంతోషం తప్ప మరేమీ లేదు. అవతల గోడకానుకుని నిలబడిన తన భార్య వైపు ఆయన ఒక్కసారీ చూడలేదు.

"వంగ," అంది రూతు. "సినిమా చూసినందుకు రెండు నెలలు బల్ల లేదంటె ఒప్పుకుంట. గాని తప్పని చెప్పి మాత్రం వంగ. నేనన్న మాట తప్పు కాదు. ఆయన దొరికినందుకు మోకరించిండు. నేను దాయలే, అడగంగనె చెప్పిన."

రూతును బల్లకూ బడికీ దూరం పెట్టాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. మగవాళ్ల వైపు చేతులన్నీ లేచాయి. ఇంకా తడి ఆరని క్షమాపణతో దేవదానం చెయ్యీ లేచింది. మామూలుగా ఆడవాళ్లు ఎవరి మొగుడి చెయ్యి చూసి వాళ్లు ఎత్తుతారు. ఇవాళ చాలా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. వద్దన్నవాళ్లు ఎత్తమంటే ముందు లిదియా ఎత్తింది. తర్వాత కృపమ్మ. పప్పు చెరిగిన చెయ్యి కోడలి కోసం లేచింది. తర్వాత ఇంకో ముగ్గురు. ఐదు చేతులతో ఏం నిలుస్తుంది? రూతు ఓడిపోయింది.

బొడ్లోంచి బడి తాళంచెవి తీసి అయ్యగారి ముందు పెట్టింది.

"పిల్లలు గోడలను చూసి రాలే అయ్యగారూ, నన్ను చూసి వచ్చిన్రు. సోమారం నుంచి నా అరుగు మీద చెప్త. అరుగుకు తాళం లేదు."

చెప్పడమైతే చెప్పింది గాని, గుడి బయట మెట్ల మీదికొచ్చాక వేళ్ల మీద పిల్లలను లెక్కపెట్టుకుంది. సోమవారం ఎంతమంది వస్తారో, వచ్చినవాళ్లు ఏం తెచ్చిపెట్టగలరో ఆమెకు తెలియదు. కృపమ్మ వచ్చి పక్కన నిలబడి, "గింజలకు ఏమన్న చేద్దాంలే, ఫికర్ చెయ్యకు," అంది. వెనకాలే లిదియా వచ్చింది. ఆమె వెనక దేవదానం. ఆయన వెనక సంఘమంతా, ఇళ్లకు పోవలసినవాళ్లు కూడా పోకుండా.

"లిదియా, ఇంటికి పా," అన్నాడు దేవదానం. గొంతు బాగానే తగ్గించాడు.

"వస్త," అంది లిదియా. "ముందు ఆ మాట చెప్పు."

"ఏం మాట?"

"ఇప్పుడు లోపల దేవునికి చెప్పినవ్ గద. గంత సులువుగ వచ్చింది గద నోటికి. నన్ను వానల బయటికి తోసిన దినానిది, నాకు చెప్పు."

దేవదానం చుట్టూ చూశాడు. అయ్యగారు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఎవరూ సాయం వచ్చేలా లేరు. కోటు గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"వంట యాళయితాంది," అన్నాడు చివరికి.

"కానియ్యి," అని లిదియా మెట్టు మీద కూర్చుంది.

రూతు ఆమె పక్కన కూర్చుంది. సర్దుకొమ్మని గాని, వద్దని గాని ఒక్క మాట చెప్పలేదు. దేవదానం నిలబడే ఉన్నాడు. సంఘంలో ఒక్కరూ కదల్లేదు.