ఇంట్లో మోగే గిటారు

పొద్దున్నే ఆవిడ చేసే మొదటి పని కుడిచేతి గోళ్ళు అరగదీసుకోవడం. సన్నటి గరుకు కాగితం మీద ఒక్కో గోరునీ అటూ ఇటూ తిప్పి నున్నగా చేసుకుంటుంది. గోరు గరుగ్గా ఉంటే గిటారు గొంతు కూడా గరుగ్గానే వస్తుంది మరి. ఎడమచేతి సంగతి వేరు. తంత్రులు నొక్కీ నొక్కీ ఆ వేళ్ళ చివర్లు కాయలు కాశాయి, సూది గుచ్చినా తెలీదు. ఏడాదిగా ఆ మొద్దుదనం వేళ్ళు దాటి మనిషంతా పాకింది. తన పాప జ్వరంతో పోయినప్పటినుంచి ఆవిడ ఏడవలేదు. ఏడవాలని కూడా అనిపించలేదు.

గోళ్ళయ్యాక టీ పెట్టి ఒక కప్పు అత్తగారికిస్తుంది, ఇంకో కప్పు మొగుడి కుర్చీ పక్కన పెడుతుంది. ఆయన ఆర్కెస్ట్రాలో ఓబో, అంటే మన సన్నాయిలాంటి వాద్యం, వాయించేవాడు. పాప పోయాక కిటికీ పక్క కుర్చీలో కూచున్నాడు, ఇక లేవలేదు. అంటే తిండికీ స్నానానికీ లేస్తాడనుకోండి, మళ్ళీ వచ్చి అందులోనే కూలబడతాడు. ఓబో పెట్టె మంచం కింద దుమ్ము కొట్టుకుపోతోంది.

ఆ తర్వాత ఆవిడ గిటారు భుజాన వేసుకుని, క్వార్టర్స్ సందు దాటి, ఎదురుగా ఉన్న ఆర్కెస్ట్రా హాలుకి వెళ్తుంది. అక్కడ కూచుని తంత్రి మీటితే చప్పుడు రాదు. చప్పుడు ఇంట్లో వస్తుంది, ఆయన కుర్చీ దగ్గర. ఇది కూడా పాప పోయినప్పటినుంచే.

"నిన్న చివరి భాగం దుమ్ము దులిపేశారటగా అమ్మా!" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్. "మా ఆవిడ మీ కిటికీ కింద బట్టలారేస్తూ విందట."

"అవునా," అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

వాళ్ళు సాధన చేస్తున్నది గత శతాబ్దంలో ఎవరో రాసిన గిటారు కాన్చెర్టో. ముందు ఒకే ఒక్క గిటారు, వెనకాల ఆర్కెస్ట్రా మొత్తం. గిటారుది పిట్ట గొంతు కాబట్టి, అది మాట్లాడినప్పుడల్లా మిగతావాళ్ళందరి నోరూ నొక్కేశాడు ఆ రాసినాయన. చేతికర్రతో బృందాన్ని నడిపే పెద్దమనిషికి ఈ నోరు నొక్కే పని మహా ఇష్టం. అందరూ ఆయన్ని కర్రాయన అంటారు.

"మెల్లగా! గిటార్ని మింగేస్తున్నారు!" అని అరిచాడు కర్రాయన.

"వినపడని దాన్ని ఎలా మింగుతామండీ?" అన్నాడు డ్రమ్ములాయన.

"మింగేస్తున్నారంతే!"

డ్రమ్ములాయన పుల్లల చివర్లతో తాకీ తాకనట్టు వాయించాడు.

సాధన అయ్యాక కర్రాయన ఆవిణ్ణి పక్కకి పిలిచాడు. "బృందంలో మీవారి కుర్చీ ఏడాదిగా ఎవరికీ ఖాయం చెయ్యకుండా ఆపానమ్మా. ఇక నావల్ల కాదు. రేపటి కచేరీకి ఆయన వస్తే సరే సరి. రాకపోతే అది బదులాయనకి ఖాయం చేసేస్తారు."

బదులాయన అంటే ఇన్నాళ్ళూ ఆయన స్థానంలో ఓబో ఊదుతున్న మనిషి. మంచివాడే. ఆ కుర్చీలో కూడా అంచునే కూచుంటాడు, ఎవరైనా వచ్చి లెమ్మంటారేమో అన్నట్టు.

సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారు అందుకుంది. "ఆ మధ్య భాగంలో ఊరికే అలా తంత్రులు మీటుకుంటూ కూచుంటావేంటే అమ్మాయ్? పాట ఒక్కళ్ళూ ఎత్తుకోరు. వినలేక చస్తున్నా."

"అక్కడ పాట గిటారుది కాదు అత్తయ్యా, ఓబోది. గిటారు తోడుంటుందంతే."

కిటికీ పక్క కుర్చీ కిర్రుమంది. ఆయన మాత్రం తల తిప్పలేదు.

"ఏమండీ, రేపు మీరు రాకపోతే మీ కుర్చీ బదులాయనకిచ్చేస్తారట," అంది.

"ఇవ్వనీ."

బతిమాలాలేమో అనుకుంది. మనసులో వెతికితే బతిమాలడానికి సరిపడా ఏమీ దొరకలేదు. కప్పులు తీసుకెళ్ళి కడుక్కుంది.

మర్నాడు హాలు నిండింది. మొదటి భాగం గడిచిపోయింది. గిటారు కాన్చెర్టోల్లో గిటారు సరిగ్గా వినపడకపోవడం జనానికీ అలవాటే. మధ్య భాగం మొదలైంది. అది గిటారు ఒక్కటే మొదలుపెట్టాలి. నెమ్మదిగా నాలుగు మీటులు మీటి, ఆవిడ తలూపితే ఓబో పాట ఎత్తుకోవాలి. బదులాయన ఓబో పెదాలకానించి ఊపిరి బిగబట్టాడు.

ఆవిడ తలూపలేదు. ఎందుకో తనకే తెలీదు. మళ్ళీ మొదటి మీటుకొచ్చింది. అది అయ్యాక మళ్ళీ. ఇంట్లో ఆ మీటులు కుర్చీ చుట్టూ తిరుగుతూ ఉంటాయి, పాట ఎత్తుకునే దిక్కు లేకుండా.

"ముందుకెళ్ళండమ్మా!" అన్నాడు కర్రాయన పళ్ళ బిగువున.

"మావారు ఎత్తుకోవాలి," అంది ఆవిడ.

కర్ర గాల్లోనే ఆగిపోయింది. చప్పుడు లేని హాల్లో ఆవిడ వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. బదులాయన మొహం కందగడ్డైపోయింది.

చాలాసేపటికి ఎక్కణ్ణుంచో గిటారు వినిపించింది. బయట సందులోంచి. జనం తలలు అటు తిప్పారు. చప్పుడు రోడ్డు దాటింది, గేటు దగ్గరికొచ్చింది. "రండి సార్, రండి," అని వాచ్‌మన్ గొంతు. తర్వాత వరండాలో, తర్వాత తలుపు వెనక. ఆవిడకి అప్పుడు తెలిసింది. గిటారు ఏడాదిగా మోగుతున్నది ఇంట్లో కాదు, ఆయన దగ్గర.

తలుపు తీసుకుని ఆయనొచ్చాడు. మాసిన చొక్కా, ఇంట్లో వేసుకునే చెప్పులు, చేతిలో ఓబో. దానికి తగిలించే చిన్న రెల్లు పీకని నోట్లో పెట్టుకుని తడుపుకుంటున్నాడు. తడపకపోతే అది పలకదు.

బదులాయన చటుక్కున లేచి చోటిచ్చాడు. "ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరాగి పోయేవాణ్ణండీ," అని గొణిగాడు.

ఆయన కూచుని పీక తగిలించాడు. ఇప్పుడు చప్పుడు ఆవిడ వేళ్ళ కిందే ఉంది. ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ తలూపింది.

మొదటి స్వరం జీరబోయింది. రెండోది నిలబడింది. పాట సాగింది, గిటారు దాని పక్కనే నడిచింది.

ఎడమచేతి వేళ్ళ చివర తంత్రి కోసుకుపోతున్నట్టు సలుపు మొదలైంది. అమ్మా, అనుకుంది ఆవిడ. అంత నొప్పి ఉందని ఇన్నాళ్ళూ తెలీనే లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి గిటారు మీద పడుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.