పిడికెడు బియ్యం ఎన్నిక

రాజమండ్రి దగ్గరి ఆ పల్లెలో లూథరన్ సంఘపు ఆడవాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేర పిడికెడు బియ్యం పక్కన తీసి ఉంచేవారు. ఆదివారంనాడు ఆ బియ్యం పోగుచేసే పెద్దరికం ఎవరిదో 1894లో ఒకనాటి పొద్దున్న తేలవలసివచ్చింది. పోటీలో ఇద్దరు. సూరమ్మ, బడిపంతులమ్మ దేవకుమారిని పెంచిన పెద్దమ్మ. సంపూర్ణమ్మ, దేవకుమారి అత్తగారు. ఎవరు ఓడినా ఆ నింద తన మీదికే వస్తుందని, రెండిళ్ళకూ మాటలుండవని దేవకుమారి బెంగ.

ఆ ఇద్దరూ కాక, దేవకుమారితో కలిపి ఓటేసేవాళ్ళు పదిమంది. సూరమ్మకైతే చింతపిక్క, సంపూర్ణమ్మకైతే కుంకుడుగింజ. మూసిన పిడికిలి కుండలో పెట్టి తీస్తే ఎవరు ఏది వేశారో తెలియదు. అయిదుసార్లు వేశారు. అయిదుసార్లూ చెరి అయిదే.

"ఏంటిది, ఇవాళ పొయ్యి వెలిగించేది లేదా?" అంది వాళ్ళలో ఒకతె, రత్తమ్మ.

"అమెరికాలోనూ ఇలాగే అయిందండి," అంది దేవకుమారి. "మిషను దొరసానిగారి పుస్తకంలో ఉంది. ఆ దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో, తొంభై ఏళ్ళ పైమాట, దేశాధ్యక్షుడి పదవికి జెఫర్సన్, బర్ అనే ఇద్దరికి సమానంగా ఓట్లు వచ్చాయి. జెఫర్సన్ అంటే గిట్టనివాళ్ళు బర్‌ని పట్టుకుని వదల్లేదు. వారం రోజులపాటు సభలో ముప్పై అయిదుసార్లు ఓటేసినా తేలలేదు. పత్రికల్లో ఒకటే తిట్లు."

"దొరలూ తిట్టుకుంటారా?" సువార్తమ్మ ముఖం వెలిగింది.

"మనకంటే బాగా."

"మరెలా తేలిందమ్మా?"

"ముప్పయ్యారోసారి కొందరు ఏ పేరూ రాయకుండా ఖాళీ కాగితాలు వేశారు. జెఫర్సన్ గెలిచాడు."

తానొక్కతే ఖాళీ పిడికిలి పెడితే పని అయిపోతుంది, ఎవరికీ వెయ్యలేదని ఇద్దరికీ చెప్పుకోవచ్చు అనుకుంది దేవకుమారి.

ఆరోసారి అందరూ వేశాక రత్తమ్మ కుండ బోర్లించింది. ఏమీ రాలలేదు. అడుగున తట్టింది. ఒక్క గింజ కూడా లేదు.

"నేనొక్కదాన్నీ తగ్గితే సరిపోతుందనుకున్నానండి," అంది సువార్తమ్మ.

"నేనూ అంతే," అన్నారు తక్కినవాళ్ళు ఒకరి తరవాత ఒకరు.

సంపూర్ణమ్మ ఆ ఖాళీ కుండను చూసి, వియ్యపురాలి వైపు తిరిగింది. "చూశారా వదినగారూ, వీళ్ళని నమ్ముకునా మనం పోట్లాడుకుంది?"

"లెండి వదినా. ఓ నెల మీరు, ఓ నెల నేను. వీళ్ళ పిడికిళ్ళు ఏపాటివో ఇద్దరం కలిసి చూద్దాం," అంది సూరమ్మ.

తరవాత ఇద్దరూ ఒక్కసారే దేవకుమారి మీద పడ్డారు. "వీళ్ళ సంగతి సరే. నీకేం వచ్చిందే, నువ్వూ వెయ్యలేదు?"

మధ్యాహ్నం అత్తగారింట్లో పక్కపక్కనే కూర్చుని, ముద్ద ముద్దకీ ఆమెను తిడుతూ భోంచేశారు. దేవకుమారి ఇద్దరికీ నవ్వుతూ మారు వడ్డించింది.