నింపే బోల్టు

ఖాళీ చేయడానికి అంత తొందరపడిన నేను, తిరిగి నింపే దారి తెరుచుకుంటుందో లేదో ముందుగా ఎందుకు చూసుకోలేదు? కారు కింద వెల్లకిలా పడుకొని నన్ను నేను ప్రశ్నించుకుంటున్నాను. గేర్‌బాక్సులోని పాత ఆయిలు నా చెవి పక్కనున్న బేసినులోకి నల్లగా, సన్నని ధారగా దిగుతూనే ఉంది, లోపల ఇక ఏమీ మిగలలేదని నాకు తెలుసు, అయినా దిగుతోంది. పైభాగంలో కొత్త ఆయిలు పోయడానికి విప్పవలసిన బోల్టు మాత్రం బిగుసుకుపోయి కదలడం లేదు. పానా వేసి తిప్పిన ప్రతిసారీ దాని మూలలు కొంచెం అరుగుతున్నాయి, అరిగిన ప్రతిసారీ కారు కొంచెం కిందికి దిగుతోంది.

పక్కకు జరుగుదామంటే పక్క అనేది లేదు. మా పోర్టికో గోడ ఉండవలసిన చోట తడి రాయి చేతికి తగులుతోంది. ఇది అరకు రైలు దారిలోని సొరంగమని తెలుస్తోంది, అందులోకి కారు ఎలా వచ్చిందన్న ఆశ్చర్యం మాత్రం కలగడం లేదు. ఏ కొసనా వెలుగు లేదు.

పైన డ్రైవరు సీటు కిర్రుమంటుంది. ఆ బరువు నాకు తెలుసు. పోయిన శ్రావణంలో కన్నుమూసిన నా భార్య ఇందుమతి వచ్చి కూర్చుంటోంది. పోలియో వల్ల ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడితే, క్లచ్ తొక్కే పనిలేని కారే కావాలని పట్టుబట్టి కొనుక్కున్న మనిషి. ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.

"ఏవండీ, స్టార్ట్ చేయనా?"

"వద్దు ఇందూ! చుక్క ఆయిలు లేదు. ఇప్పుడు నడిపితే గేర్లు మాడిపోతాయి, ఈ కారు ఇక లేవదు."

"కారు మాట సరే. మీరు లేస్తారా?"

లేవబోతే రొమ్ము మీద ఇనుము ఆనుతోంది.

"ఈ ఆయిలు ఎన్నిసార్లు మార్చలేదు మనం," అంటున్నాను. "నేను కింద, నువ్వు పైన. గరాటు పట్టుకొని నువ్వు 'పోయనా?' అనేదానివి, నేను 'పొయ్యి' అనేవాణ్ని. ఎన్నడూ ఇలా కాలేదు. అప్పుడు చేసిందే కదా ఇప్పుడూ చేశాను?"

"మీరు చేసేది మీరు చేశారు. నేను చేసేది ఎవరు చేశారు?"

"నువ్వు పోసేదానివి. అంతేగా?"

"అంతేనట!" ఆమె నవ్వుకు కారంతా ఊగుతోంది. "మీరు చాప పరుచుకొని, కళ్లజోడు వెతుక్కొని, శూన్యం మీద ఉపన్యాసం మొదలుపెట్టేలోపు నేను బానెట్ ఎత్తి, లోపలికి వంగి నింపే బోల్టు విప్పి చూసుకునేదాన్ని. అది వచ్చాకే 'ఇక మీరు కింద విప్పండి' అనేదాన్ని. ఆ మాట కోసం ఎందుకు ఆగాలో ఒక్కసారైనా అడిగారా, మహానుభావా?"

అడగలేదు. ఖాళీ కావడమే విముక్తి అని ఏళ్ల తరబడి చదివాను, నమ్మాను, నలుగురికీ చెప్పాను. నాకు కనబడని చోట ఒక చెయ్యి నింపే దారిని ముందే తెరిచి ఉంచుతోందని, ఆ ధీమా మీదనే నా వైరాగ్యమంతా నిలబడిందని, ఈ ఇనుము కింద ఇప్పుడు తెలుస్తోంది. ఆమె పోయాక చీరలు పంచేశాను, మంచం తీయించాను, రావద్దని అందరికీ చెప్పాను. వెలితి మాత్రం ధారగా దిగుతూనే ఉంది.

"మా మురహరి గేటు దాకా వస్తే కూడా వద్దన్నారట?"

"మీ తమ్ముడనే కాదు, ఎవరినీ రమ్మనలేదు. ఏకాంతం కావాలనిపించింది."

"ఏకాంతం ఇంత ఇరుగ్గా ఉంటుందా అండీ? తల ఎత్తితే తగిలేట్టుంది."

"వెటకారం తరువాత. ముందు దిగి ఒక చెయ్యి వేయి."

చక్రం పక్కనుంచి ఆమె చెయ్యి కిందికి వస్తుంది. పానా అందిస్తాను, నీళ్లలోంచి జారినట్టు ఆ వేళ్లలోంచి జారి నా గుండెల మీద పడుతుంది.

"చూశారుగా," అంటుంది, ఈసారి నవ్వకుండా. "పైన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఇక నేను కాదు." ఆ వెంటనే, పాత అలవాటు కొద్దీ కాబోలు, తాళంచెవి తిప్పుతోంది. వద్దని అరవడానికి నోరు తెరుస్తాను, అరుపు రాదు, సొరంగం నిండా ఇంజను మోగుతుంది.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నపు ఎండ పోర్టికోలోకి సగం దాకా వచ్చి ఉంది. అలసిపోయి కారు పక్కన చాప మీదే నిద్రపోయినట్టున్నాను. కారు స్టాండ్ల మీద నేను నిలిపినట్టే ఉంది. లేవబోతే ఎడమ కాలు తిమ్మిరెక్కి బొత్తిగా నాది కానట్టుంది; రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకోవలసి వచ్చింది.

దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాను. ఇక ఆ బోల్టు మీద ఒంటరిగా చెయ్యి వేయకూడదని నిశ్చయించుకొని, ఫోను తీశాను.

"బావగారూ?" మురహరి గొంతులో కంగారు. "ఏమైంది? మీరు ఫోను చేయడమేమిటి?"

"మీ అక్క కారు ఆయిలు దింపేశాను. నింపే బోల్టు రావడం లేదు."

"అయ్యో, ముందు అది విప్పి చూడాలి కదా బావగారూ!"

"తెలిసింది. పైన ఒక మనిషి కావాలి, మురహరీ. వస్తావా?"



"వస్తున్నాను. ఈసారైనా గేటు తీస్తారా?"

"తీస్తున్నాను," అని, కాలు ఇంకా పూర్తిగా నా స్వాధీనంలోకి రాకముందే, కుంటుకుంటూ గేటు వైపు నడిచాను.