నీలం గుర్తు

టేపు పట్టుకుని వీధిలోకి వచ్చినవాళ్ళు మేలు కోరి రారని మునిరత్నమ్మ నమ్మకం. చుట్టపుచూపుగా వచ్చేవాడు టేపు తేడు, గోడ కొలిచేవాడే తెస్తాడు. పోయినేడు ఏటిగట్టుకు అవతలి వీధిలో ఇట్లాగే ఎవరో వచ్చి కొలిచి, గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేసి పోయారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ గుర్తుల దాకా ఇళ్ళు నేలమట్టమయ్యాయి.

అందుకే ఆ పొద్దున ఎవరో అమ్మాయి నీలం రంగు డబ్బా, టేపూ పట్టుకుని వీధి మొదట్లో దిగిందని తెలియగానే ఆమె మరమగ్గం ఆపేసింది. మగ్గం ఆగితేనే బయటి మాటలు వినబడతాయి. నగరి చుట్టుపక్కల మగ్గాల వీధుల్లో సగం రహస్యాలు ఆ చప్పుడు చాటునే బతుకుతుంటాయి.

ఆమె ఇల్లు ఏటి పోరంబోకులో ఉంది. పట్టా లేదు. ఆధారమంటూ ఉంటే కరెంటు బిల్లు ఒక్కటే. మొగుడు కోదండం పోయాక ఆ రేకుల ఇల్లూ, అందులోని రెండు మగ్గాలే ఆమెకు దిక్కు. ఇల్లు పోతే మగ్గం పోతుంది, మగ్గం పోతే నోటికాడి ముద్ద పోతుంది. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

ఆ అమ్మాయి పేరు నందిత. తిరుపతిలో బొమ్మలు వేయడం చదువుకుందట. వాకిట్లోకి వచ్చి నిలబడి, చేతికంటిన రంగు చున్నీకి తుడుచుకుంది.

"అక్కా, మూడేండ్ల కింద ఏరు పొంగినప్పుడు నీళ్ళు మీ ఇంట్లోకి యాడిదాకా వచ్చినాయో చెప్తే, ఆడికి గుర్తు పెడతా."

గుర్తు అన్న మాట వినగానే మునిరత్నమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఎందుకంట గుర్తు?"

"వీధంతా ఒకే బొమ్మ వేస్తాండానక్కా. ఎండలు ముదిరిపోతాండాయి, వాన పడితే ఏడాదంతా పడాల్సింది ఒక్క పూటలో పడతాది. ఎవురెవురో చేసిన దానికి దెబ్బ మీలాంటోళ్ళకు తగలతాంది. అది నలుగురికీ తెలియాల గదా."

"ఎండలు ముదిరినాయని చెప్పేదానికి తిరుపతి నుంచి రావల్నా? ఈ రేకుల కింద గంటసేపు కూసో, నీకే తెలస్తాది. మనిషి సంగతి దేవుడెరుగు, ఈ ఎండకు మగ్గం మీద దారమే తాళలేక తెగిపోతాంది."

నందిత నవ్వింది. ఆ నవ్వు కూడా మునిరత్నమ్మకు నచ్చలేదు. అవతలి వీధి కొలిచినవాళ్ళు కూడా మజ్జిగ అడిగి తాగి, నవ్వుతూనే కొలిచారు.

"మా ఇంట్లోకి నీళ్ళే రాలేదు" అని తలుపు దగ్గరికి వేసేసింది.

పిల్ల అటు పోగానే ఎదురింటి ఇమాంసాహెబ్ వచ్చాడు. వీధిలో మగ్గాల మోటార్లు చెడితే బాగుచేసేది ఆయనే.

"ఏం చెప్పినావు మునిరత్నమ్మా?"

"రాలేదన్నా. నువ్వు?"

"మోకాలి దాకా అన్నా. ముంపు ఇండ్లని రాసుకోని, లేసిపొమ్మంటే యాడికి పోవాల? నువ్వు నాకంటే గట్టిదానివి, నీళ్ళు మొత్తానికే ఇంకబెట్టేసినావు."

మధ్యాహ్నానికి నీళ్ళ ఎత్తు చూపే నీలం గీత వీధి సగం దాకా వచ్చింది. వీధి మొదట్లో నడుమెత్తున మొదలై, నాలుగిళ్ళ అవతలుండే లోహిత ఇంటికాడ తొడకు దిగి, ఇమాంసాహెబ్ గోడమీద మోకాలికి జారి, ఆ పక్కింట్లో చీలమండలు తడిపి, మునిరత్నమ్మ ఇంటి దగ్గరికొచ్చేసరికి మాయమైపోయింది. చూస్తే వీధి పలకలాగా చదునుగా ఉంది. నందిత తల గోక్కుంది.

"నీళ్ళు ఇట్ల మెట్లు దిగతాయా పెద్దాయనా?"

"మా ఏటికి మర్యాద ఎక్కువ బిడ్డా" అన్నాడు ఇమాంసాహెబ్, నవ్వకుండా.

నందిత కుంచెలు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోతూ, ఇంటింటా అడిగినవి రాసుకుంటున్న పుస్తకం మునిరత్నమ్మ తిన్నె మీద పెట్టి పోయింది. మునిరత్నమ్మ ఇంతసేపూ కాచుకున్నది దానికోసమే. అటూ ఇటూ చూసి తీసింది. ఏడో తరగతి దాకా చదివింది, చదవలేకపోవడానికి లేదు.

అనుకున్నంతా అయింది. ఇంటికొక పేజీ. పేరు, ఇంటి నంబరు, నీళ్ళ ఎత్తు. దొంగపిల్ల! అనుకుంటూ ఇంకాస్త కిందికి చూసింది. 'పోయింది' అని రాసి, దాని కింద బొమ్మలున్నాయి. లోహిత పేజీలో రెండు మేకలు, బడి కాగితాలు. ఇమాంసాహెబ్ పేజీలో పనిముట్ల పెట్టె. గబగబా తన పేజీ తిప్పింది.

'మునిరత్నమ్మ. నీళ్ళు రాలేదు. పోయింది: ఏమీ లేదు.'

మునిరత్నమ్మ తిన్నె మీద కూలబడింది. ఆనాడు నడుములోతు నీళ్ళలో, మగ్గం మీద సగం నేసిన బట్టను కాపాడుకుందామని పోయి, స్విచ్చి ఆపబోయి, షాకు కొట్టి ఆ నీళ్ళలోనే పడిపోయాడు కోదండం. ఏమీ లేదట. ముందు ఆ పిల్లమీద ఒళ్ళు మండింది. పిల్ల సొంతంగా రాసిందేముంది, తను చెప్పిందే రాసింది. మొగుణ్ణి తన నోటితోనే లేకుండా చేసుకున్నానని ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

కుంచెలు దులుపుకుంటూ నందిత వచ్చింది. పుస్తకం ఆమె చేతిలో చూసి ఆగిపోయింది.

"ఇది ఎవురికిస్తావు?"

"ఎవురికీ ఇయ్యనక్కా. గీత కింద ఎవురేం పోగొట్టుకున్నారో ఆ బొమ్మలు వేసేదానికి రాసుకున్నా."

"మరి గుర్తెందుకు పెడతాండావు?"

"అదేందక్కా? గుర్తు పెట్టేది గుర్తుండేదానికే గదా."

మునిరత్నమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ మాటకు కూలగొట్టడమని కాక ఇంకో అర్థం ఉందని పోయినేడాది నుంచి ఈ వీధి మరిచిపోయింది. అయినా ఆమె అనుమానం తీరలేదు. పిల్ల మంచిదే కావచ్చు. పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో, ఈ గోడను ఎల్లుండి ఎవరు చూస్తారో ఎవరికి తెలుసు? ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క ఆయన. పుస్తకం తిన్నె మీద పెట్టి లేచి, గోడకు నడుమెత్తున అరచెయ్యి ఆనించింది.

"ఈడికి. నాకు నడుము దాకా. ఆయన నాకంటే పొట్టి, ఆయనకు బొడ్డుపైకి వచ్చినాయి."

"ఎవురక్కా ఆయన?"

మునిరత్నమ్మ చెప్పింది. ఎక్కువ మాటలేమీ పట్టలేదు. వింటున్నంతసేపూ నందిత కుంచె నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"మునిరత్నమ్మా, ఇల్లు!" అన్నాడు ఎదురింటి గడపలోంచి ఇమాంసాహెబ్, గొంతు తగ్గించి.

"తెలుసన్నా" అందామె. చెయ్యి మాత్రం గోడమీద నుంచి తియ్యలేదు.

ఆ చేతి అంచునుంచి నందిత గీత గీసింది. వీధిలో తిన్నగా రాని గీత అదొక్కటే. గీసి, పుస్తకం తెరిచి, రాసిన మాట కొట్టేసి, ఆగింది.

"ఈడ ఏమని రాయాలక్కా?"

"కోదండం అని రాయి. పుస్తకంలో ఎట్లన్నా రాసుకో, గోడమీద మాత్రం పెద్దగా రాయి. ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవురన్నా వస్తే, ముందు ఆ పేరు చదివినాకనే నాతో మాట్లాడాల."