హెక్టర్ నాటిన రూబార్బ్

హెక్టర్ మెక్‌ఫీ దీపపు గదిలో తెరలు లాగుతున్నాడు. రాత్రంతా వెలిగిన దీపం ఇంకా వెచ్చగానే ఉంది. తెరలు వేయకపోతే దీపం చుట్టూ ఉన్న గాజు కటకాల గుండా ఎండ దూరి దేనికి నిప్పంటిస్తుందో చెప్పలేం. తొంభై ఏళ్ల క్రితం హెల్సే దీవి రాతినే చెక్కి ఈ దీపస్తంభం కట్టిన నాటి నుంచీ పొద్దున్నే ఇదే పని. కటకాల చట్రం మనిషికన్నా ఎత్తు. అంత బరువూ పాదరసపు తొట్టిలో తేలుతుంది కాబట్టి చిటికెనవేలితో తోసినా తిరుగుతుంది. హెక్టర్ రోజూ ఒకసారి చిటికెనవేలితో తోసి మురిసిపోతాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అతను ఎరిగిన విలాసం అదొక్కటే.

బయటి వసారాలోకి వచ్చి, సముద్రాన్ని వదిలేసి ముందు పెరటి వైపు చూశాడు. గోడ చాటున తను నాటిన రూబార్బ్ మొక్క ఏపుగా ఉంది. ఎర్రటి కాడలు, చేటలంత ఆకులు. ఆ కాడల పులుపు గోంగూరను తలదన్నుతుంది. చక్కెర దట్టించి పిండి పొరల మధ్య కాలిస్తే ఆ తీపిరొట్టె ముందు ఏదీ నిలవదు. చిక్కల్లా ఒకటే, నాటాక రెండేళ్లదాకా ఒక్క కాడ కూడా తుంచకూడదు. హెక్టర్ ఇంతకుముందు ఎనిమిది దీపస్తంభాల్లో నాటాడు. ఎనిమిది చోట్లా మూడో వసంతం రాకముందే బదిలీ. ఇక్కడ మాత్రం మూడో వసంతం వచ్చేసింది. నూట ముప్పై రెండు మెట్లూ ఈల వేస్తూ దిగాడు.

"ఇవాళ కోసేద్దాం," అన్నాడు భార్య ఎఫీతో.

"కోసెయ్యి మహానుభావా. రాత్రి నిద్దట్లో కూడా దాన్నే కలవరించావ్. నా పేరు ఏనాడైనా కలవరించావా?"

"నువ్వు బదిలీల వల్ల చేజారిపోవుగా!"

తీపిరొట్టె పొయ్యిలోకి వెళ్లిందో లేదో ఓడ కూత వినిపించింది. మూడు వారాలుగా అలలు పడవను రేవుకు రానివ్వలేదు. ఇవాళ సముద్రం మెత్తబడింది. ఓడ పంపిన పడవలోంచి నూనె పీపాలు దిగాయి, ఉత్తరాల సంచి దిగింది, ఆపైన ఒక ఎర్రజుట్టు మనిషి, అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ఒక కోళ్ల బుట్ట. సంచిలో హెక్టర్ బదిలీ ఉత్తర్వు ఉంది. రాసి మూడు వారాలైంది. ఆ ఉత్తరమూ, దాని ప్రకారం అతని బదులు వచ్చిన మనిషీ ఒకే పడవలో దిగారు. ఓడ రెండు గంటలే ఆగుతుంది, వెళ్లేవాళ్లు ఆలోపే ఎక్కాలి.

హెక్టర్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"తొమ్మిదోసారి ఎఫీ! ఇరవై రెండేళ్లుగా నేను రూబార్బ్ నాటడం, ఎవడో కాలు మీద కాలేసుకుని తినడం!"

ఎర్రజుట్టు మనిషి సామాను దించడం ఆపేశాడు. "అన్నా, రోన్‌హెడ్ దీపస్తంభంలో గోడవార రూబార్బ్ వేసింది నువ్వేనా?"

"నేనే. అయితే ఏంటి?"

"ఆ ఎవడో నేనే. నాలుగేళ్లు తిన్నాం. నీకో ఉత్తరం రాయాలని ఏటా అనుకోవడమే."

హెక్టర్ పిడికిలి బిగుసుకుంది. ఎఫీ పకపకా నవ్వింది.

"ఆగవయ్యా! మనం ఇక్కడ దిగిన రోజున ఉడకేసుకున్న బంగాళాదుంపలు ఎవరివి? అంతకుముందు చోట చలికాలమంతా తిన్న ఉల్లిపాయలు ఎవరివి? నువ్వు రాశావా ఎవరికైనా ఉత్తరం?"

హెక్టర్ ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాడు. నిజమే, తను తిన్నవన్నీ ఎవరో ముందు వచ్చినవాళ్లు నాటినవి. వాళ్లలో ఒక్కరి పేరు కూడా అతనికి తెలియదు. నూనె పీపా మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టాడు.

రెండు పెట్టెలు, ఒక గడియారం, ఒక పిల్లి. సర్దడం గంటలో అయిపోయింది. వచ్చేవాళ్ల కోసం పొయ్యి ఆర్పకుండా, కెటిల్ నింపి వెళ్లడం దీపస్తంభాల వాళ్ల పద్ధతి. ఎఫీ తీపిరొట్టె బయటికి తీసి కత్తి అందుకుంది.

"వద్దు," అన్నాడు హెక్టర్. "వేడి మీద కోస్తే పాడైపోతుంది. పిల్లలున్న ఇల్లు."

అంచున కారిన రసాన్ని మాత్రం వేలితో తుడిచి నాకాడు. నాలుక చురుక్కుమంది.

"చక్కెర తక్కువైంది."

"ఇరవై రెండేళ్లు కాచుకుని ఇదా నువ్వనేది!" అంటూ ఎఫీ అతని వీపు మీద ఒక్కటిచ్చి పడవ వైపు నెట్టింది.

పడవ కదిలింది. వెనక ఆ ఇంటి పొగగొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోంది. లోపల బల్ల మీద, కత్తి పడని తీపిరొట్టె చుట్టూ హెక్టర్ పేర్చిన నాలుగు చెంచాలు.