ఫిర్యాదు కుర్చీ

నేను ఒక కుర్చీని. చేతులున్న టేకు కుర్చీని. కూర్చునే చోట పేము అల్లిక, వీపు ఆనే చోట మూడు నిలువు బద్దలు. కుర్చీని కాకముందు ఒక కిరాణా కొట్టు తలుపుని. ఆ కొట్టుకి ఇనప షట్టర్ వచ్చాక, వడ్రంగి సూరయ్య నా చెక్కల్ని ఇంటికి మోసుకెళ్లి, కోసి, చిత్రిక పట్టి, నన్నిలా నిలబెట్టాడు. తలుపుగా ఉన్నప్పుడు మనుషులు నన్ను దాటిపోయేవారు. కుర్చీనయ్యాక నా దగ్గర ఆగడం మొదలుపెట్టారు.

నన్ను చేయించింది మా ఊరి కిరాణా వర్తకుల సంఘం. అధ్యక్షుడి కోసమే చేయించారు. అయితే ఆ సంఘంలో ఒక ఆచారం ఉండేది. సభ్యుడెవరైనా కష్టం చెప్పుకోడానికి వస్తే అధ్యక్షుడు లేచి, తన కుర్చీ అతనికివ్వాలి. అతను చెప్పినంతసేపూ తను నిలబడి వినాలి. ఏదో ఒక మాట తేల్చి, చివర "విన్నాం" అనాలి. ఆ మాట వినపడేదాకా కూర్చున్నవాడు లేవకూడదు. అధ్యక్షులందరూ మోకాళ్ల నొప్పులున్నవాళ్లే కాబట్టి తగాదాలు చప్పున తేలిపోయేవి.

ఎందరినో మోశాను. కోపంతో వచ్చినవాళ్లు అంచున కూర్చుంటారు. అబద్ధమాడేవాళ్లు హాయిగా వెనక్కి వాలతారు. నిజంగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం నా చేతుల్ని గట్టిగా పట్టుకుంటారు. ఇప్పుడు నా చేతుల మీద ఉన్న నునుపు సూరయ్య పెట్టింది కాదు, వాళ్లు పెట్టింది.

ఒక మనిషి మాత్రం నా మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఇమ్మడిశెట్టి శేషగిరిగారి కొట్లో గుమస్తా, సింహాద్రి. గుమస్తాలు సంఘంలో సభ్యులు కారు. షావుకారుతోపాటు వచ్చి, నా వెనక నిలబడి, పై బద్ద మీద చెయ్యి వేసేవాడు. ఆ అరచెయ్యి నాకు బాగా తెలుసు. ఎండు మిరపకాయల ఘాటు, చింతపండు జిగురు ఎప్పుడూ దాన్ని వదిలేవి కావు.

మా బజార్లో మరో అలవాటు ఉండేది, చేబదులు. ఒక కొట్లో కందిపప్పు అయిపోతే ఎదురు కొట్టునుంచి బస్తా తెచ్చుకునేవారు. సరుకు దిగగానే బస్తా తిరిగి ఇచ్చేసేవారు. బిల్లు ఉండదు, సంతకం ఉండదు. శేషగిరిగారి కొట్టు అందరికంటే ఎక్కువ చేబదులు ఇచ్చేది. సింహాద్రికి "లేదు" అనడం చేతకాదు మరి.

కొన్నాళ్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చింది. అధ్యక్షుడు పద్మనాభంగారే ఒక కంపెనీతో మాట్లాడి, అన్ని కొట్లకీ పెట్టించారు. కంప్యూటర్ తెరవగానే సంఘం గుర్తు కనపడేది. అందరూ మురిసిపోయారు. అందులో చేబదులుకి చోటు లేదని తర్వాత తెలిసింది. కంపెనీవాళ్లని అడిగితే ఒక గడి చేర్చారు. సరుకు ఇచ్చినప్పుడు తగ్గించాలి, తిరిగొచ్చినప్పుడు కలపాలి. అది రెండుసార్లూ తగ్గించేది. అంటే పక్కవాడిని ఎవరు ఎంత ఎక్కువ ఆదుకుంటే, వారి కొట్లో అంత సరుకు మాయమైనట్టు చూపించేది. ఈ సంగతి అప్పుడెవరికీ తెలియదు.

సభ్యులు ఒకరి వెనక ఒకరు నా మీదికి వచ్చారు. మొదట అంతా నవ్వులాటగానే ఉంది.

"అధ్యక్షా, నా కొట్లో మైనస్ మూడు బస్తాల పప్పు ఉందట" అన్నాడు వరహాలు. "మైనస్ పప్పు ఎలా వండాలో మీ ఇంట్లో అడిగి చెప్పండి."

"నీకు నొక్కడం రాక దాన్ని అంటావేంటయ్యా?" అన్నారు పద్మనాభంగారు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత శేషగిరిగారు వచ్చారు. ఆయన వెనక సింహాద్రి లేడు. కూర్చుని నా చేతులు రెండూ పట్టుకున్నారు.

"బావా, మా కొట్లో పన్నెండు బస్తాలు తక్కువని మిషన్ చూపించింది. చుట్టూ నలుగురున్నారు. 'ఏం సింహాద్రీ, ఎక్కడికి పోయాయి?' అని అడిగేశాను. అంతే అడిగాను. వాడు తాళాలు తీసి గల్లా మీద పెట్టి వెళ్లిపోయాడు."

"వెళ్లి పిలుచుకురావయ్యా."

"వెళ్లకుండా ఉంటానా? గుమ్మంలోంచే చెప్పాడు. 'నలుగురి ముందర అడిగేసినారు బాబూ. ఆ నలుగురి ముందరే కాదని అనిపించండి. అప్పుడొస్తాను' అన్నాడు. తర్వాత లెక్కపెడితే బస్తాలన్నీ ఉన్నాయి. నేను చెప్తే నమ్మకుండా బజారంతా వాడిని దొంగంటోంది. మిషన్ తప్పు చూపిస్తోందని సంఘం ఒక్క మాట అంటే చాలు. సంఘం మాట కాదని ఎవరూ అనరు."

పద్మనాభంగారు చెడ్డమనిషి కాదు, భయస్థుడు. "తెచ్చింది మనమే కదా శేషగిరీ. తెర మీద మన గుర్తే ఉంది. అది తప్పంటే మనం తప్పన్నట్టే. కంపెనీకి రాస్తాను. చూద్దాం."

"విన్నాం" అనవలసిన చోట "చూద్దాం" అన్న మాట వినడం నాకదే మొదలు. ఆచారం ప్రకారం శేషగిరిగారు లేవకూడదు. కాసేపు లేవలేదు కూడా. టీలు వచ్చాయి, తాగారు, గ్లాసులు తీసుకెళ్లారు. చివరికి ఆయన లేచారు. పేము అల్లిక మీద ఆయన బరువు పడ్డ చోట గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది.

నెల తిరక్కుండా సంఘం జవాబు బోర్డు మీదికి ఎక్కింది. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదని కంపెనీవారు తెలియజేశారు, సభ్యులు ఇకమీదట చేబదులు ఇచ్చిపుచ్చుకోవడం మానవలెను, ఫిర్యాదులుంటే ఈ కింది ఫోను నంబరుకు చెప్పవలెను. అంతే. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు తీయగా, వేచి ఉండమనేదట. వినడానికి ఎవరూ నిలబడక్కర్లేకుండా పోయింది కాబట్టి నన్ను మెట్ల కింద పడేశారు. పాత బ్యానర్లు, ఒక విరిగిన ఫ్యాను నాకు తోడు.

అక్కడినుంచి కిటికీలోంచి బజారు కనపడేది. ఒక కొట్టునుంచి ఇంకో కొట్టుకి బస్తా దాటడం మానేసింది. పప్పు లేనివాడు లేదని చెప్పి కూర్చునేవాడు. ఉన్నవాడు చూస్తూ ఊరుకునేవాడు. ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. ఎదురుబొదురుగా కూర్చుని పేపరు చదువుకునేవారు.

వానలు వెనకబట్టాక ఒకరోజు కంపెనీనుంచి అన్ని కొట్లకీ కబురొచ్చింది. చేబదులు గడిలో చిన్న సవరణ చేశామని. మర్నాటికి అందరి సరుకూ సరిపోయింది. వరహాలు పప్పు మైనస్‌లోంచి పైకి వచ్చింది. శేషగిరిగారి పన్నెండు బస్తాలూ తెర మీద కనపడ్డాయి.

సింహాద్రి పోయి అప్పటికి వారం. గుండె ఆగిందన్నారు. అన్నాళ్లూ వీధిలోకే రాలేదట.

ఆ ఉదయం శేషగిరిగారు సంఘానికి వచ్చారు. బ్యానర్లు పక్కకి తోసి, నన్ను బయటికి లాగి, కండువాతో దుమ్ము దులిపి కూర్చున్నారు. పద్మనాభంగారు చూసి గబగబా వచ్చారు.

"లే శేషగిరీ. మిషన్ బాగైంది కదా."

"బాగైంది బావా. బస్తాలు తిరిగొచ్చాయి. మనిషి రాలేదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఇది నా ఫిర్యాదు కాదు, వాడిది. వాడిక్కడికి ఎప్పుడూ కూర్చోడానికి రాలేదు, ఇక రాలేడు. నువ్వే రా."

పద్మనాభంగారు వంగి నా చెయ్యి ఒకటి పట్టుకున్నారు. శేషగిరిగారు లేచి రెండోది పట్టుకున్నారు. నన్ను సరుకుల రిక్షా ఎక్కించి బజారు మధ్యనుంచి నడిపించారు. ఆ రోజు గల్లా దగ్గర ఉన్న నలుగురూ కొట్లు దిగి వెనక నడిచారు. వరహాలు కూడా నడిచాడు.

సింహాద్రి ఇంటి ముందు దించారు. అతని భార్య పైడమ్మ గుమ్మంలో నిలబడింది. పద్మనాభంగారు నా ఎదురుగా నిలబడి, ఖాళీ పేము అల్లిక వైపు చూస్తూ మాట్లాడారు.

"సింహాద్రీ, నీ దగ్గర తప్పు లేదు. మిషన్ తప్పు చూపించింది. దాన్ని తెచ్చి, తప్పని ఒప్పుకోనిది నేను. విన్నాం."

ఆ మాట అనగానే కూర్చున్నవాళ్లు లేస్తారు. అందరూ నా వైపే చూశారు. నా మీదినుంచి ఎవరూ లేవలేదు.

పైడమ్మ ఏడవలేదు. "ఈ ముక్క ఆయనున్నప్పుడు అనేసుంటే, ఇంతదూరం ఈ కుర్చీ మొయ్యక్కర్లేకపోను గదా బాబూ" అంది.

శేషగిరిగారు నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. పై బద్ద మీద, సింహాద్రి చెయ్యి వేసే చోట, చెయ్యి వేశారు.

నన్ను తిరిగి తీసుకెళ్లమని ఎవరూ అనలేదు. అప్పటినుంచి ఈ అరుగు మీదే ఉన్నాను. పైడమ్మ నా మీద కూర్చోదు, ఇంకొకరిని కూర్చోనివ్వదు. రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది, అంతే.

పక్కింటామె అప్పుడప్పుడు పంచదారకో కాఫీపొడికో గ్లాసు పట్టుకుని వస్తుంది. పైడమ్మ లేదనదు. రెండు రోజులకి ఆ గ్లాసు నిండుగా తిరిగొస్తుంది. పైడమ్మ లోపల పనిలో ఉంటే పక్కింటామె కేకేసి, గ్లాసు నా మీద పెట్టి వెళ్లిపోతుంది.

ఈమధ్య నేను మోస్తున్న బరువు అదొక్కటే.