మేకతల కంటిగింజ

ఐలమ్మ ఎర్రగా కాలిన చువ్వను మేకతల చెవి మడతల్లోకి దూర్చి తిప్పింది. వెంట్రుకల కమురు కోరుట్ల రోడ్డంతా కమ్మింది. కాసేపట్లో ఆ రోడ్డు మీదే తెలంగాణ కోసం వంటావార్పు. తలకాయలన్నీ ఆ వంటకే. కండ్లు చెడకుండా కాల్చమని వంట పెద్ద పరశురాములు మరీ మరీ చెప్పిపోయాడు. అసలు ఆ పనిలో ఆమెకు ఒకరు చెప్పాలా!

చెడుతున్నది ఆమె కన్నే. కుడిదానికి పొర కమ్మింది, ఎడమది మసకేస్తోంది. జగిత్యాలలో ఉచిత ఆపరేషన్ల శిబిరానికి ఇవాళే ఆఖరు. రోడ్డు బందయ్యేలోగా బయల్దేరాలి. ఐలమ్మ కదలదు. భయం. దానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంది.

"దేవుడు ఒక్కపారే కూర్చిన సామాను బిడ్డా. అండ్ల ఒక్కటి తీస్తె కడ్మయి పనిజేస్తయా?"

కూతురు స్వప్న డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతోంది. సమ్మెతో కాలేజీ మూతపడి ఇంటిపట్టునే ఉంది. తల్లి మొండితనానికి ఒళ్లు మండింది.

"ఒక్కపారి గాలేదవ్వా. బురదల పురుగుకు వెలుగు, నీడ తెలిసే మచ్చ ఒక్కటే ఉంటది. దానికి గంతే చాలు. గట్ల కొంచెం కొంచెం మారుకుంట, యుగాలకు గీ కన్నయింది. సగం కన్ను సుత పనిజేస్తది."

"గా మచ్చ ఎవలు వెట్టిండ్రు మరి?"

స్వప్న తడబడింది. "గది నాకు పూర్తిగ తెల్వది" అని ఒప్పుకుంది. ఒప్పుకున్న ఉక్రోషంతోనే ఇంకా కాల్చని తల ఒకటి లాక్కుని, కన్ను పెరికి కోసింది.

"ఓ బిడ్డా! పరశురాములు నన్ను బతకనిస్తడా?" ఐలమ్మ నెత్తి కొట్టుకుంది.

లోపలినుంచి జారిన గింజ నీటిబొట్టులా తేటగా ఉంది. ఐలమ్మ కోపం మరిచి దాన్ని వేలిమీదికి తీసుకుని ఎడమకంటికి దగ్గరగా పట్టింది. అందులో రోడ్డు తలకిందులైంది. మనుషులు ఆకాశంలోకి వేలాడుతున్నారు. ఆమెకు చిన్నపిల్లలా నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా కండ్లు కాపాడుతూ వచ్చింది గానీ, ఒక్కదాని లోపలికీ తొంగిచూడలేదు.

"నా కంట్ల సుత గిదేనా?"

"గిదే. నీది తెల్లగయింది. దాన్ని తీసి కొత్తది వెడ్తరు. కడ్మ కన్ను ఎట్లున్నది గట్లనే ఉంటది."

ఐలమ్మ మంటలోని తలను ఇవతలికి లాగింది.

స్వప్న బోరింగు దగ్గరికి పోయి నీళ్లతో తిరిగొచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేరుస్తున్నారు. తల్లి లేదు.

"మీ అవ్వ జగిత్యాల ఆటో ఎక్కిపాయె. చేతుల మసి సుత కడుక్కోలే" అంది పక్కన కూరగాయలమ్మే వెంకటవ్వ.

స్వప్నకు ముందు నవ్వొచ్చింది. తర్వాత చూపు పొయ్యి మీద పడింది. పక్కన, తల్లి మంటలోంచి లాగిన తల. దాని కన్నొకటి తల్లే చీల్చింది. పక్కనే మోదుగాకు మీద, మంటకు ఉడికి సున్నంలా తెల్లబడ్డ కంటిగింజ.